ఆటకు యజమాని ఎవరు?

పాలమూరు బిడ్డ సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో, రాజుల దండయాత్రలకును వంశావళులకును పరిపాటిగా దక్కు చోటును ప్రజల తిండితిప్పలకు, వేషభాషలకు, ఆటపాటలకు ఇచ్చి, ఒక జాతి ఏ యుగమున ఏమి ఆడెనో తెలియనిదే ఆ యుగమున అది ఎట్లు బ్రతికెనో తెలియదను దృష్టిని తెలుగు చరిత్రరచనలో స్థిరపరచిరి. ఆయన కాలము చేసిన రెండేండ్లకు, 1955లో, తెలుగున తొలి సాహిత్య అకాడమి బహుమానము ఆ గ్రంథమునకే లభించెను. ఆయన నేడు జీవించి యుండి, అదే గ్రంథమునకు ఇంకొక ప్రకరణము చేర్చదలచినచో, ప్రబంధములను గాలింప నక్కరలేదు. నల్లగొండ బస్సుస్టాండులో అరగంట కూర్చున్న చాలును.

దేవరకొండ బస్సు కొరకు అచ్చట వేచియుండు పదిమందిలో ఏడెనిమిదిమంది తలలు వంగియే యుండును. కాలేజీ నుండి వచ్చిన యువతి రంగురంగుల మిఠాయి బిళ్లలను మూడేసి చొప్పున జతపరచుచుండును. ఫోనును అడ్డముగ పట్టుకొన్న కుర్రవాళ్లిద్దరు, చెవులలో తీగలు దోపుకొని, కంటికి కనబడని సహచరులతో “ఆగురా, రివైవ్ చేస్తున్న”, “ఇంటెన్క ఒకడున్నడు సూడు” అని కేకలు వేయుచు, బొటనవ్రేళ్లతో ఏదో దీవిని జయించుచుందురు. కూరగాయల సంచి ఒడిలో పెట్టుకొన్న నడివయస్కుడు, వచ్చిన బస్సు తనదో కాదో చూడకయే, లూడో పాచిక వేయుచుండును.

ఈ చివరివాని ఆట కొత్తది కాదు. తెలంగాణపు పల్లెలలో రచ్చకట్టల మీద సుద్దతోనో బొగ్గుతోనో గీసికొన్న పచ్చీసు, దోసిట గలగలలాడించి విసరిన గవ్వలలో ఎన్ని వెల్లకిల పడినవో లెక్కించి కాయలు నడుపుట, మన తాతల నాటి ఎండకాలపు మధ్యాహ్నములను గడపిన ముచ్చటయే. ఆ ఆటనే ఆంగ్లేయులు తమ దేశమునకు గొనిపోయి, గవ్వలకు మారుగ పాచికను పెట్టి, 1896లో లూడో అను పేర పేటెంటు పొందిరి; సురవరమువారు జన్మించినదియు ఆ యేటనే. 2016లో నవీ ముంబయి కంపెనీ యొకటి దానిని లూడో కింగ్ అను పేర ఫోనులోనికి దించెను. 2020 లాక్‌డౌనులో, బయట తిరుగుటకు వీలులేని రోజులలో, అది ఇంటింట ప్రవేశించెను. ఇట్లు పచ్చీసు నూరేండ్లకు పైబడిన దేశాటనము ముగించి, మరల తన ఊరి రచ్చకట్టకే చేరి కూర్చున్నది. ఇందు శోకింపదగినది ఏమియు లేదు. అయితే అది ఒంటరిగ రాలేదు. వెంట ఒక యజమానిని తోడ్కొని వచ్చినది.

రచ్చకట్ట మీది పచ్చీసుకు యజమాని లేడు. గీత గీసినవాడు లేచిపోయినను ఆట ఆగదు. గవ్వలు ఎవరివని అడుగువారు లేరు. వాన పడినచో గీతలు చెరగిపోవును, మరునాడు ఎవరో మరల గీయుదురు. పులిజూదపు గీతలు పాత గుడుల మండపములలో రాతినేలపైననే చెక్కియుండును. ఆడుకొన్నందుకు ఆ దేవుడైన అద్దె అడిగి యెరుగడు. పల్లెలలో పందెము లేదనుట బొంకు. దీపావళి రాత్రులలోను, పెండ్లివారి విడిదులలోను పత్తాలాటకు కూర్చుండి ఎడ్లజతలను పోగొట్టుకొన్నవారి కథలు ప్రతి ఊరను చెప్పుకొందురు. అయినను అచ్చట ఒకడు ఓడినది మరియొకడు గెలిచెడివాడు. ఓడినవాని భార్య గెలిచినవాని వాకిట నిలిచి నిష్ఠురమాడుటకు వీలుండెడిది. పెద్దమనుషులు కూర్చుండి సగమైన తిరిగి యిప్పించుటకు వీలుండెడిది. ఇల్లు చెడినను సొమ్ము ఊరిలోనే తిరిగెడిది. ఫోనులోని రమ్మీలో, ఏ చేయి గెలిచినను ఏ చేయి ఓడినను, ఒడ్డిన పైకములో కొంత భాగము ప్రతి పందెమునకు ఆటను నడపు కంపెనీకి ముట్టెడిది. కాబట్టి ఆడువారినందరిని కలిపి చూచినచో వారికి నిత్యము నష్టమే. నిత్యము గెలుచువాడు ఆటలో కూర్చుండనివాడు. ఇన్నాళ్లుగ ఈ విషయమున జరిగిన వాదములలో నెల్ల నైపుణ్యమా అదృష్టమా అను ప్రశ్నకు ప్రాధాన్యమిచ్చి, ఈ కూర్చుండనివానిని చూడక విడిచితిమని నా అభిప్రాయము.

చిత్రమేమన, మన న్యాయస్థానములు వానిని చూడకపోలేదు. 1963 మే నెలలో సికిందరాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, పందెము కట్టి రమ్మీ ఆడుచున్నవారిని పట్టుకొని, నిజాము నాటి, అనగా 1305 ఫసలీ నాటి, హైదరాబాదు జూద నిరోధక చట్టము క్రింద కేసు పెట్టిరి. క్రింది కోర్టు శిక్ష వేయగా హైకోర్టు కొట్టివేసెను. ప్రభుత్వము సుప్రీంకోర్టుకు పోగా, 1967 నవంబరు 22న న్యాయమూర్తి హిదాయతుల్లా తీర్పు చెప్పెను. మూడుముక్కలాట వలె రమ్మీ కేవలము అదృష్టాధీనము కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో నిర్ణయించుకొనుటకును నేర్పు వలయుననియు, కావున అది ప్రధానముగ నైపుణ్యక్రీడయే యనియు ఆ తీర్పు సారాంశము. తరువాతి అర్ధశతాబ్దమున పేకాట క్లబ్బులును, వాని వెనుక ఆన్‌లైన్ కంపెనీలును ఈ వాక్యమును కవచముగ తొడుగుకొని తిరిగినవి.

కాని ఆ తీర్పులో రెండవ భాగమొకటి కలదు. క్లబ్బువారు ముక్కలకును, కుర్చీలకును, సేవకులకును తగిన రుసుము తీసికొనుట నేరము కాదని చెప్పుచునే, ఒకవేళ ఇంటి యజమానియో క్లబ్బో పందెపుటాట మీద లాభము గడించుచున్నట్లు సాక్ష్యమున్నచో అప్పుడు నేరము స్థాపింపవచ్చునని న్యాయమూర్తి స్పష్టముగ చెప్పెను. ఆ కేసులోనే, రాత్రి పొద్దుపోయినదాక కూర్చుండువారి వద్ద క్లబ్బు అదనపు రుసుము వసూలు చేయుట కూడ చర్చకు వచ్చెను. అట్టి రుసుము క్లబ్బులలో వాడుకయే యని కోర్టు దానిని తప్పుపట్టలేదు. రాత్రి ఎక్కువసేపు కూర్చున్నవానికి ఆ క్రెసెంట్ క్లబ్బు రుసుము పెంచెడిది. రమ్మీ యాప్, నిద్రకు పోయినవానిని సైతము బోనసు ఆశ చూపి లేపెడిది. ఈ రెండింటిని ఒకే త్రాసున తూచి, రెండును రమ్మీయే గదా, రెండును నైపుణ్యమే గదా అని వాదించుటకు గొప్ప నైపుణ్యమే కావలెను.

నైపుణ్యము వ్యసనమునకు విరుగుడు కాదని మన భారతము ఎన్నడో చెప్పినది. అరణ్యపర్వమున బృహదశ్వుడు ధర్మరాజునకు చెప్పిన నలోపాఖ్యానములో, ఋతుపర్ణుని వలన అక్షహృదయము నేర్చిన పిదపనే నలుడు పోయిన రాజ్యమును మరల గెలిచెను. కథ ముగియగానే ధర్మరాజు ఆ విద్యను బృహదశ్వుని వద్ద తాను కూడ అభ్యసించెను. అనగా పాచికలలో నేర్పు కలదని వ్యాసునకు తెలియును. అంతకుమించి ముఖ్యమైనది, నన్నయ తెనిగించిన సభాపర్వమున కలదు. ఒడ్డవలసిన ధనము దుర్యోధనుడిచ్చును, పాచికలు శకుని వేయును. ఒకని కొరకు మరియొకడు ఆడుట న్యాయముగ తోచుట లేదని ధర్మరాజు ఆట మొదటనే ఆక్షేపించెను. ఆక్షేపించియు ఆడెను. ఆడువాడు వేరు, లాభము పొందువాడు వేరు అయినప్పుడు ఆట ఆట కాజాలదని అంతటి వ్యసనపరునికి కూడ స్ఫురించినది. మన శాసనకర్తలకు స్ఫురించుటకు చాల కాలము పట్టినది.

ఈ యజమాని మన పల్లెలకు ఎట్లు వచ్చెనో తెలిసికొనుటకు 2016 శరదృతువును తలచుకొనవలెను. సెప్టెంబరు 5న జియో తన సేవలు ఆరంభించి, కొన్ని నెలలపాటు డేటాను ఉచితముగ పంచెను. అక్టోబరు 11న, విజయదశమినాడు, పాత పాలమూరు జిల్లా మహబూబ్‌నగరు, నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలుగను, పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగను చీలెను. నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయ్యెను. జిల్లా కేంద్రము ఇంటికి దగ్గరయినదని జనులు సంతసించుచున్న ఆ దినములలోనే, అంతకంటె దగ్గరగ, అరచేతిలోనికే, మరియొక కేంద్రము వచ్చి చేరినది. నోట్లు కరవై, అదే యేట పుట్టిన యూపీఐ ద్వారా పైకము కూడ ఫోనులోనికి ప్రాకెను. ఆట, సొమ్ము, ఏకాంతము అను మూడును ఒకే చోట కూడుట అంతకుముందు ఎన్నడును జరుగలేదు. పూర్వము పేకాట ఇంటికి పోవలెనన్న వీధి దాటవలెను, మేనమామయో మాస్టరుగారో చూతురేమో యని ఒకమారు వెనుదిరిగి చూడవలెను. ఆ వెనుదిరిగి చూచుటలోనే కొందరు ఇంటికి మరలెడివారు. దుప్పటి ముసుగు పెట్టుకొని ఆడువానికి వెనుదిరిగి చూడవలసిన పని లేదు.

ప్రభుత్వములు ఊరకుండలేదు. తెలంగాణ 2017 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చి, 1974 నాటి గేమింగు చట్టమును సవరించి, పందెముతో కూడిన ఆన్‌లైన్ రమ్మీని నిషేధించెను. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో అదే త్రోవ త్రొక్కెను. ఫలితమేమన, టీవీలో రమ్మీ ప్రకటన ముగియునపుడు, ఈ ఆట అలవాటుగ మారవచ్చునని, ధననష్టము కలుగవచ్చునని, ఫలానా ఫలానా రాష్ట్రములవారు ఆడరాదని, అష్టావధానికి కూడ అందని వేగముతో ఒక గొంతు ఒకే ఊపిరిలో గడగడ చదివి విరమించెడిది. ఫోనుకు తానెచ్చటనున్నదో తప్పు చెప్పుట నేర్పినవారు మన కుర్రవాళ్లలో తక్కువ లేరు. ఓడినవారికి అప్పు ఇచ్చుటకు వేరే యాప్‌లు సిద్ధముగ నుండెను. ఆ అప్పుల వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనగా, 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు పలువురిని నిర్బంధించిరి. 2025 మార్చిలో బెట్టింగు యాప్‌లకు ప్రచారము చేసిరని సినీతారల మీద, యూట్యూబు ప్రముఖుల మీద మియాపూర్ ఠాణాలో కేసు నమోదయ్యెను. ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించు చట్టము చేసెను. డబ్బుతో ఆడించు ఆన్‌లైన్ ఆట ఏదైనను, అది నైపుణ్యమైనను అదృష్టమైనను, నిషిద్ధము. నడపువానికి మూడేండ్ల వరకు చెర, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడువానికి శిక్ష లేదు. ఏటేట 45 కోట్లమంది ఇరువది వేల కోట్ల రూపాయల మేరకు నష్టపోవుచున్నారని ప్రభుత్వము అప్పుడు చెప్పిన అంచనా. అరువది యేండ్ల నైపుణ్యవాదము మూడు దినములలో ముగిసెను. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకము.

ఆడువానిని విడిచి ఆడించువానిని పట్టుకొన్నందుకు ఈ చట్టమును మెచ్చుకొనవలసినదే. అయితే ఇది గీచిన గీత ఎక్కడనున్నదో కూడ చూడవలెను. డబ్బు పెట్టి డబ్బు ఆశించు ఆట నిషిద్ధము. డబ్బు పెట్టి డబ్బు ఆశింపని ఆట అనుమతము. ఆడువాని దృష్టితో ఇది సబబే. ఆడించువాని దృష్టితో చూచినచో, రెండవదే మేలైన వ్యాపారము! రమ్మీ కంపెనీ పదిమంది వద్ద తీసికొని ఒకరిద్దరికైన ఇయ్యవలసి యుండెను. ఉచితమను పేర వచ్చు ఆట ఎవ్వరికిని ఏమియు తిరిగి యియ్యనక్కరలేదు.

బస్సుస్టాండులోని ఆ యువతి మిఠాయి బిళ్లల ఆటనే తీసికొందము. క్యాండీ క్రష్ అను ఈ ఆటను 2012లో కింగ్ అను కంపెనీ విడుదల చేసెను. అందు ఐదు ప్రాణములుండును. ఓడినప్పుడెల్ల ఒకటి పోవును. పోయిన ప్రాణము తిరిగి వచ్చుటకు అరగంట పట్టును. ఐదును పోయినచో వేచియుండవలెను, లేదా స్నేహితులను యాచింపవలెను, లేదా చెల్లింపవలెను. ఆట కఠినమగుట కూడ యాదృచ్ఛికము కాదు. ఒక్క ఎత్తులో గెలిచియుందునే అను చోటనే అది తరచుగ ఆగును. ఆ చోటనే, ఇంకైదు ఎత్తులు కొనుమని ఒక బొత్తాము మెరయును. ఆటలో గెలుచుకోరిక ఎచ్చట పరాకాష్ఠకు చేరునో కనుగొని, అచ్చట అంగడి పెట్టుట ఈ విద్యలోని మర్మము. కుర్రవాళ్ల తుపాకులాటలలో ఇదియే మరియొక రూపమున కనబడును. ఆట ఉచితము, తొడుగుకొను చొక్కాకు, తుపాకి మీది రంగునకు డైమండ్లు కావలెను, డైమండ్లకు రూపాయలు కావలెను. కొన్ని పెట్టెలను లోపల ఏమున్నదో తెలియకయే కొనవలెను. అట్టి పెట్టెలు జూదమేయని బెల్జియము 2018లోనే తేల్చెను. మన చట్టములో ఆ పెట్టె మాట సూటిగ లేదు.

ఈ మిఠాయిల వంశవృక్షము మన ప్రాంతమువారికి ఆసక్తికరము. కింగ్ కంపెనీని 2016లో యాక్టివిజన్ బ్లిజార్డ్ కొనెను. ఆ యాక్టివిజన్‌ను 2023 అక్టోబరులో దాదాపు 6,900 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్టు కొనెను. ఆ మైక్రోసాఫ్టుకు 2014 నుండి అధిపతి సత్య నాదెళ్ల, బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలు విద్యార్థి. ఆ కంపెనీ హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును 1998లో తెరచెను. 2022 మార్చిలో డేటా కేంద్రములు నెలకొల్పుదుమని ప్రకటించి, షాద్‌నగరు, మేకగూడ ప్రాంతములలో భూములు కొనెను. 2016కు పూర్వము ఇవి పాలమూరు జిల్లాలోనివే. ఒకనాడు జొన్నయు ఆముదమును పండిన ఎర్రచెలకలు నేడు ప్రపంచపు జ్ఞాపకములను భద్రపరచు గిడ్డంగులైనవి. ఇందు గర్వింపదగినది కలదు. కట్టుచున్నంతకాలము వందలకొలది కూలీలకు పని దొరకును. కట్టిన పిదప అంతటి భవనమునకును కొలదిమంది ఇంజనీర్లు, కావలివారు చాలుదురు. నాగార్జునసాగరము మొదలు దేశములోని ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలికి ఈ అనుభవము కొత్తది కాదు.

కూలి మాట వచ్చినది గనుక, ఆటల మాట కాసేపు ప్రక్కన పెట్టి, దినచర్యలో ఈ యజమాని ధరించిన మరియొక వేషమును చూడవలెను. పాలమూరు లేబరును పూర్వము గుంపు మేస్త్రీ తీసికొనిపోయెడివాడు. వేసవికి ముందే వచ్చి, ఇంటింటికి అడ్వాన్సు ముట్టజెప్పి, ఆలుమగలను లారీ యెక్కించి, బొంబాయికో మరియొక ప్రాజెక్టుకో చేర్చెడివాడు. వాడు ధర్మాత్ముడని ఎవ్వరును చెప్పరు. లెక్కలలో మోసము, పనిలో నిర్దయ వానికి సహజములు. కాని వానికొక ముఖముండెను, ఒక ఊరుండెను. సంక్రాంతికి వచ్చినప్పుడు చొక్కా పట్టుకొని అడుగుటకు అవకాశముండెను. నేడు అచ్చంపేట నుండియో దేవరకొండ నుండియో హైదరాబాదునకు పోయి, భుజమున సంచి తగిలించుకొని, బండి మీద భోజనము చేరవేయు యువకునికి మేస్త్రీ ఒక యాప్. ఆ యాప్‌ను ఆట చేసినవారి బుద్ధితోనే చేసియున్నారు. ఇన్ని ఆర్డర్లు చేరవేసిన ఇంత ఇన్సెంటివ్. ఇంకొక్కటి చేసినచో పై మెట్టు. ఒకటి వద్దన్నచో ఉన్న మెట్టు నుండి క్రిందికి. మిఠాయిలాటలో ఇంకొక్క ఎత్తు అని ఊరించినది, ఇచ్చట ఇంకొక్క ఆర్డరు అని ఊరించును. రాత్రి పదకొండు గంటలకు, వానలో, లక్ష్యమునకు ఒకటి తక్కువగ నిలిచియున్న యువకుడు ఇంటికి పోవునా? ఆ ఒక్కటి ఎప్పుడు పంపవలెనో, పంపవలెనో వద్దో, యాప్ ఎట్లు నిర్ణయించుచున్నదో అతనికి తెలియదు. అడుగుటకు చొక్కా లేదు. తెలంగాణ ప్రభుత్వము 2025 ఏప్రిల్‌లో వెలువరించిన గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదాలో, ఈ నిర్ణయములు ఎట్లు జరుగుచున్నవో కార్మికునకు తెలుపవలెనను భావనకు చోటు దొరికినది. అది అన్నింటికంటె విలువైన అంశమని నేననుకొందును. సంక్షేమనిధి తరువాతి మాట.

ఇంతమాత్రమున సాంకేతికమెల్ల దోపిడియని వాదించువారితో నేను ఏకీభవింపజాలను. మహబూబ్‌నగరు క్లాక్‌టవరు వద్ద కొత్తిమీర కట్టలు పెట్టుకొన్న అవ్వ ముందు, ఇన్ని రూపాయలు వచ్చినవని తెలుగులో పలుకు పెట్టె యొకటి యున్నది; పది రూపాయల బేరమునకు చిల్లర లేదను చిక్కు తీరినది. ఆ పది రూపాయలలో నడుమ ఎవ్వరును పైసా కోయరు. 2020 జనవరి నుండి యూపీఐ చెల్లింపుల మీద వర్తకుని వద్ద రుసుము తీసికొనరాదని నియమము కలదు. కోట్లమంది దినదినము ఆడుచున్న ఈ పలకకు లాభము గుంజు యజమాని లేడు. ఉన్న సంస్థ బ్యాంకులు కూడి ఏర్పరచుకొన్నది. యజమాని లేని పచ్చీసును ఫోనులో సైతము గీయవచ్చునని ఇది నిదర్శనము. విచిత్రమేమన, రమ్మీ కంపెనీలకు మన సొమ్మును క్షణములో చేరవేసినదియు ఈ ఉచితమార్గమే.

పెద్దల గొణుగుడును కూడ నేను అంగీకరింపను. ఫోను పట్టిన పిల్లవాడు చెడిపోయెనని నేడు విసుగుకొను తాతలే, గోటీలు చిర్రగోనె ఆడి చదువు పాడుచేసికొనుచున్నారని తమ తండ్రుల చేత తన్నులు తినినవారు. బస్సుస్టాండులోని ఆ కుర్రవాళ్లను నలుగురు కలిసి ఆడునపుడు శ్రద్ధగ గమనింపుడు: ఒకడు దెబ్బతినగానే తన ప్రాణమును లెక్కచేయక రెండవవాడు పరుగెత్తును, ఎవరు ముందు, ఎవరు కాపు, ఎవరి వద్ద మందు తక్కువ అను విషయములను రెప్పపాటులో పంచుకొందురు, ఒక పటమంతయు, కొండలు, వంతెనలు, ఇండ్లతో సహా, వారికి కంఠస్థము. ఇంతటి ఏకాగ్రతను మన పాఠశాలలు సంవత్సరములో ఒక్క గంటసేపైన సంపాదింపలేకపోవుచున్నవన్నచో, సిగ్గుపడవలసినది ఆ పిల్లలు కాదు. ఇట్టి తుపాకులాటయే యైన పబ్‌జీని కేంద్రము 2020 సెప్టెంబరులో నిషేధించెను. మరుసటి యేడు అది వేరు పేర తిరిగివచ్చెను. 2022 జూలైలో మరల మాయమై, 2023 మేలో మరల ప్రత్యక్షమయ్యెను. భద్రతాకారణములకై జరిగిన ఈ దాగుడుమూతలు పిల్లలకు నేర్పిన పాఠమొక్కటే, ప్రభుత్వపు అలక ఎక్కువ కాలము నిలువదని. చైనా 2021లో మైనరులకు శుక్ర, శని, ఆదివారములలోను సెలవుదినములలోను రాత్రి ఎనిమిది నుండి తొమ్మిది వరకే ఆటకు అనుమతి నిచ్చెను. తండ్రి ఆధారుతో కొన్న సిమ్ము, అన్న పేర తెరచిన ఖాతా ఉన్న మన ఇండ్లలో అట్టి గడియారము ఎన్నాళ్లు తిరుగునో ఊహింపవచ్చును.

ఆడువారి మాట అట్లుండగా, ఆటలు చేయగలవారి మాట చూతము. మహబూబ్‌నగరు సమీపమున దివిటిపల్లిలో 2023 మే 6న ఐటీ టవరు ప్రారంభమయ్యెను. అక్టోబరు 2న నల్లగొండలోను అట్టిదే. పట్టణమున పుట్టినవానికి పట్టణముననే కొలువు దొరకవలెనను ఆశయము మంచిది. కాని ఆ అద్దాల మేడలలో పరదేశపు బ్యాంకునకు బిల్లులు సరిచూచుటయే పని యైనచో, అది చల్లని గదిలోని గుంపు మేస్త్రీతనమే. ఇటు పులిజూదము, వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడి పెరిగిన జాతి. అటు యాప్‌లు వ్రాయ నేర్చిన సంతానము. ఈ రెండింటిని కలిపి, ఐదు ప్రాణములు, అరగంట నిరీక్షణ లేని ఆటను ఒకదానిని దివిటిపల్లిలోనే రూపొందింపవచ్చును గదా యను ఆలోచన పెట్టుబడి పెట్టువారికి రుచింపకపోవచ్చును. ప్రభుత్వ గ్రంథాలయ సంస్థలకైన రుచింపవలెను.

చట్టము విషయమున చేయదగినది స్పష్టము. నైపుణ్యమా అదృష్టమా అను తర్కమును విడిచినందున, డబ్బు తిరిగి వచ్చునా రాదా అను తర్కమును కూడ విడిచి, 1967 తీర్పులోని రెండవ భాగమునకు మరలవలెను: ఆడువాని తమకమును బట్టి పెరుగు లాభము ఎవనికైన ముట్టుచున్నదా? ముట్టుచున్నచో దానికి హద్దులు పెట్టవలెను. పెట్టెలో ఏమి రాగల అవకాశమెంతో పెట్టె మీదనే వ్రాయించవలెను. అర్ధరాత్రి దాటిన పిదప డైమండ్లు అమ్మరాదనవలెను. క్యారమ్స్ క్లబ్బుకైన మూయువేళ యుండును. అన్నింటికంటె ముందుగ, ఆట కంపెనీ ప్రతి నెలయు ఆడువానికి, మైనరైనచో వాని తల్లిదండ్రులకు, ఎన్ని గంటలు ఆడెనో, ఎన్ని రూపాయలు చెల్లించెనో, ఏడాది మొదటి నుండి మొత్తము ఎంతయ్యెనో, చదువ వీలైన తెలుగులో, ఒక్క పుటలో పంపవలెను. ఇది అసాధ్యమని కంపెనీలు చెప్పజాలవు. ఆడువాడు ఏ గడియలో విసుగుచెందునో ఎరిగినవారికి ఈ మూడంకెలు తెలియకపోవు. మునుగోడు రైతు పంపుసెట్టుకు మీటరు పెట్టవలెనా వద్దా యని ఏండ్ల తరబడి రాష్ట్రమంతయు వాదించితిమి. ఆ రైతు కొడుకు చేతిలోని ఆటకు మీటరు ఇప్పటికే యున్నది; అది ఆడించువాని వైపునకు తిరిగి యున్నది, ఇంటివారికి కనబడుట లేదు.